ఆర్కెస్ట్రాలో నాలుగు తీగెల గిటారు



డిసెంబరు నెల వచ్చిందంటే మన గ్రామాలలో పాటల సందడి మొదలవుతుంది. సెమీ క్రిస్మస్ కూడికలు, యౌవనస్థుల సభలు, వాటి వెనుకనే సంక్రాంతి దాటగానే పెండ్లి ముహూర్తాలు. ఎక్కడ చూచినా ఒక చిన్న ఆర్కెస్ట్రా కనబడుతుంది. పాడే వారిని అందరూ చూస్తారు. కీబోర్డు వాయించే వాని వేళ్లను పిల్లలు నోరు తెరచి చూస్తారు. రిథమ్ ప్యాడ్ మీద కర్రలు ఆడుతుంటే చప్పట్లు కొడతారు. వీరందరికి వెనుకగా, స్పీకరు పెట్టె ప్రక్కన, పొడవాటి మెడ ఉన్న గిటారు పట్టుకొని ఒక యువకుడు నిలబడి ఉంటాడు. అతని వైపు చూచేవారు తక్కువ. "అదేంటి, దానికి నాలుగు తీగెలే ఉన్నాయి, మిగతావి తెగిపోయాయా?" అని అడిగిన పెద్దలను కూడా మేమెరుగుదుము.

ఆ నాలుగు తీగెల వాద్యమే బేస్ గిటారు. పగలు పొలము పనో, మెకానిక్ పనో, బడిలో పాఠమో చెప్పుకొని, సాయంకాలము వాద్యము భుజాన వేసుకొని ఊరూరా తిరిగే మన పిల్లలలో దానిని వాయించేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు మమ్మును అడిగే ప్రశ్నలు కొన్ని కలవు. "అయ్యగారూ, వీడు వాయించేది వినబడను కూడా వినబడదు. దానికోసం రాత్రిళ్లు తిరగడమెందుకు?" అంటారు. ఆ ప్రశ్నకు తగిన జవాబు చెప్పాలంటే ముందు ఆ వాద్యమేమిటో తెలుసుకోవాలి.

ఏమిటీ వాద్యము?

మామూలు గిటారుకు ఆరు తీగెలు. బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు. అయిదు, ఆరు తీగెలవి కూడా ఉన్నవి. నాలుగు తీగెలను పాశ్చాత్య స్వరాలలో ఇ, ఏ, డి, జి అని శ్రుతి చేస్తారు. మామూలు గిటారులోని లావు తీగెలు నాలుగింటి పేర్లు కూడా ఇవే. అయితే బేస్ గిటారు వాటికంటే సరిగా ఒక స్థాయి క్రింద పలుకుతుంది. గిటారులో అన్నిటికంటే లావు తీగె సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, బేస్ గిటారులోని లావు తీగె సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంత నెమ్మదిగా కదలాలంటే తీగె లావుగాను పొడవుగాను ఉండాలి. అందుకే మామూలు గిటారులో మ్రోగే తీగె పొడవు సుమారు 25 అంగుళములైతే, బేస్ గిటారులో సాధారణంగా 34 అంగుళములు.

వీణకు మెట్లు ఉన్నట్లే దీనికిని మెట్లు ఉంటాయి. వాటిని ఫ్రెట్లు అంటారు. తీగెల క్రింద అయస్కాంతములతో చేసిన పికప్ ఉంటుంది. తీగె కదలికను అది విద్యుత్తుగా మార్చి ఆంప్లిఫయరుకు పంపుతుంది. విద్యుత్తు లేకపోతే ఈ వాద్యము ప్రక్కవానికి కూడా సరిగా వినబడదు.

ఎందుకు పుట్టింది?

దీనికి ముందు ఈ పని చేసినది డబుల్ బేస్ అనే పెద్ద వాద్యము. వయొలిన్ కుటుంబములో అది పెద్దన్న. మనిషికంటె ఎత్తుగా ఉంటుంది. ప్రక్కన నిలబడి వాయించాలి. చిన్న బృందములతో ఊరూరా తిరిగేవారికి దానిని మోయడమే పెద్ద కష్టము. పైగా డ్రమ్ములు, బాకాలు మ్రోగే చోట దాని ధ్వని వినబడేది కాదు. మెట్లు లేవు గనుక వ్రేలు కొంచెము ప్రక్కకు పడితే అపశ్రుతి.

ఈ కష్టమును తీర్చే ప్రయత్నము అమెరికాలోని సియాటిల్ నగరములో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే చేశాడు గాని అది ఎక్కువమందికి చేరలేదు. 1951లో కాలిఫోర్నియాలోని లియో ఫెండర్ తయారు చేసిన ప్రెసిషన్ బేస్ లోకమంతటా వ్యాపించింది. ఫెండర్ రేడియోలు బాగుచేసే పనివాడు. గిటారు వాయించడము ఆయనకు రాదు. తన దుకాణానికి వచ్చిన వాయిద్యకారుల ఇబ్బందులను విని వాద్యములు తయారు చేసినవాడు. ప్రెసిషన్ అంటే ఖచ్చితత్వము. మెట్లున్నవి గనుక స్వరము ఖచ్చితముగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు. బస్సు ఎక్కి చంకన పెట్టుకొని పోగలిగిన బేస్ వాద్యము అలా వచ్చింది. ఊరూరా తిరిగే చిన్న బృందముల కష్టమునుండి పుట్టినది గనుక, మన పల్లెల బృందములకు అది చేరడము సహజమే.

అది చేసే పని

ఇల్లు కట్టేటప్పుడు పునాదికి సున్నము వేయరు, రంగు వేయరు. మట్టిలో కప్పబడి పోతుంది. బేస్ పని ఇంచుమించు అటువంటిది. ఒక ప్రక్క తాళము, మరొక ప్రక్క స్వరము. ఈ రెంటిని కలిపి కట్టే త్రాడు అది. ప్యాడ్ వాయించేవాని దెబ్బ ఎక్కడ పడుతుందో అక్కడే బేస్ తీగె మ్రోగాలి. అప్పుడు పాడేవారికి కాలు క్రింద నేల గట్టిగా ఉన్నట్టు ఉంటుంది. కీబోర్డు వాయించేవాడు ఏ స్వరముల సమూహమును, అనగా ఏ కార్డ్‌ను నొక్కినా, దాని మూల స్వరమును బేస్ పలుకుతుంది. ఆ మూలము మారితే పైనున్న కార్డ్ కూడా వేరుగా వినబడుతుంది.

మన సంఘములలో నాలుగు స్వరములతో పాడే క్వయర్లను ఎరిగినవారికి ఇది సులభముగా అర్థమవుతుంది. సొప్రానో రాగమును పాడుతుంది. బేస్ పాడే మగవారు అడుగున నడుస్తారు. వారు ఒక్కసారి ఆగిపోతే పాట తేలికైపోయి గాలిలో ఊగుతుంది.

మన కీర్తనల విషయములో మాత్రము కొంత జాగ్రత్త కావాలి. పురుషోత్తమ చౌదరి గారు మొదలైన భక్తులు వ్రాసిన కీర్తనలు కర్ణాటక రాగములలో ఉన్నవి. వాటిని కార్డ్‌ల కోసము కట్టలేదు. మోహన రాగమును తీసుకుందాము. అందులో సరిగపద మాత్రమే ఉన్నవి. మధ్యమము, నిషాదము లేవు. సి స్వరమును షడ్జముగా పెట్టుకుంటే సి, డి, ఇ, జి, ఏ. ఇప్పుడు అలవాటు కొద్దీ ఎఫ్ స్వరము వాయిస్తే రాగములో లేని మధ్యమము వచ్చి పడుతుంది. "ఏదో తేడాగా ఉందే" అని పాట తెలిసిన పెద్దమ్మ ముఖము చిట్లిస్తుంది. తేడా ఏమిటో ఆమె చెప్పలేకపోయినా ఆమె చెవి నిజమే చెప్పింది. ఇటువంటి కీర్తనకు షడ్జమమును, పంచమమును తంబురా శ్రుతివలె పట్టుకొని, అవసరమైన చోట దైవతమును తాకి తిరిగి వస్తే చాలు. ఆది తాళము ఎనిమిది అక్షరములలో మొదటి అక్షరము మీద షడ్జమము నిలబెట్టినవాడు సగము పని చేసినట్లే. తక్కువ వాయించడము ఈ వాద్యములో పెద్ద విద్య.

పేరు లేనివారు

ఈ వాద్యమును కోరి ఎన్నుకున్నవారు మొదట్లో తక్కువే. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందములో 1961లో బేస్ వాయించేవాడు విడిచి వెళ్లినప్పుడు, అంతవరకు గిటారు, పియానో వాయించిన పాల్ మెకార్ట్నీ ఆ పని తీసుకొనవలసి వచ్చింది. అమెరికాలో కేరల్ కే అనే స్త్రీ గిటారు వాయించేది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాద్యకారుడు రాకపోతే ఆమె ఆ వాద్యమును అందుకుంది. తరువాత ఆ దేశములో ఎన్నో ప్రసిద్ధ గీతములకు ఆమె బేస్ వాయించింది. మన దేశములో ముంబయికి చెందిన మోహిని డే చిన్న వయస్సునుండి ఈ వాద్యము వాయించి పేరు పొందినది. ఆడపిల్లలకు ఇది తగదనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

జేమ్స్ జామర్సన్ సంగతి మరీ తెలుసుకోదగినది. ఆయన 1936లో దక్షిణ కెరొలైనాలో ఒక దీవిలో పుట్టిన నల్లజాతివాడు. డెట్రాయిట్ నగరములో మోటౌన్ అనే రికార్డు కంపెనీలో 1959 మొదలుకొని ఎన్నో పాటలకు బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కదానితోనే వాయించేవాడు. ఆ పాటలు లోకమంతా విన్నది. పాడినవారి పేర్లు అందరికీ తెలిసినవి. 1960లలో వచ్చిన ఆ రికార్డుల అట్టల మీద ఈయన పేరు సాధారణంగా ఉండేదే కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ఒకటి వచ్చినప్పుడు గాని వాయిద్యకారుల పేర్లు అచ్చు కాలేదు. 1983లో, 47 ఏండ్ల వయస్సులో ఆయన చనిపోయాడు. 2000లో ఆయనకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానమిచ్చారు. గౌరవము ఆలస్యముగా వచ్చింది. అప్పటికి పుచ్చుకొనవలసిన మనిషి లేడు.

సగము వాటా

ఇది దూరదేశపు సంగతి అనుకొనవద్దు. మేమెరిగిన ఒక బృందములో ఆరుగురు ఉండేవారు. పాడే అతడు దర్జీ, కీబోర్డు వాయించేవాడు ప్రైవేటు బడి మాస్టరు, బేస్ వాయించేవాడు వ్యవసాయ మోటార్లు బాగుచేసే మెకానిక్. కార్యక్రమము అయిన తరువాత డబ్బు పంచుకునేటప్పుడు ఈ మెకానిక్‌కు సగము వాటా ఇచ్చేవారు. అడిగితే, "నీవి నాలుగు తీగెలే కదా తమ్ముడూ, అదీ ఒక్కొక్కటే కొడతావు" అని నవ్వేవారు. అతడు మూడేండ్లు ఏమీ అనలేదు. ఇంట్లో భార్య మాత్రము, "మోటారు బాగుచేస్తే అంతకంటె ఎక్కువ వస్తుంది గదండీ" అనేది.

ఒక డిసెంబరులో అతని తల్లికి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉంచారు. వరుసగా మూడు కార్యక్రమములకు అతడు వెళ్లలేదు. మొదటి రాత్రి ఎవరికీ ఏమి తగ్గిందో తెలియలేదు. ప్యాడ్ వాయించేవాడు తెలియకుండానే వేగము పెంచుకుంటూ పోయాడు. పాడే అతనికి చరణము చివర ఊపిరి అందలేదు. రెండవ రాత్రి కీబోర్డు మాస్టరు ఎడమచేతితో బేస్ కూడా వాయించబోయి రెంటిలోను తడబడ్డాడు. మూడవ ఊరిలో సభ నడిపించిన పెద్దలు, "పోయినేటి లాగ లేదయ్యా పాట" అని ముఖము మీదనే చెప్పారు.

ఆ వారము వారు ఆరుగురును మా యింటికి వచ్చి కూర్చున్నారు. దర్జీ అన్నాడు, "అయ్యగారూ, వాడు లేకపోతే నా గొంతు నాకే పరాయిదిలా ఉంది." మెకానిక్ తల వంచుకొని, "డబ్బు గురించి కాదండీ, సగము మనిషిని అన్నట్టుంటది" అన్నాడు. ఆ మాటకు మిగిలిన అయిదుగురిలో ఎవరును జవాబు చెప్పలేదు. కొంతసేపటికి కీబోర్డు మాస్టరు కాగితము తీసి లెక్క వ్రాయడము మొదలుపెట్టాడు.

వారు కుదుర్చుకొన్న పద్ధతి ఇతర బృందములకు ఉపయోగపడుతుందని ఇక్కడ చెప్పుచున్నాము. ఒక కార్యక్రమమునకు 9,000 రూపాయలు వచ్చినవనుకుందాము. వ్యాను అద్దె 2,000, సౌండు పెట్టెల అద్దె 2,500, భోజనములకు 500 తీసివేస్తే 4,000 మిగులుతుంది. అందులో 400 వాద్యముల మరమ్మతు నిధికి ప్రక్కన పెట్టాలి. మిగిలిన 3,600 ఆరుగురికి సమానముగా పంచితే మనిషికి 600. తీగె తెగినా, కేబుల్ పాడైనా నిధిలోనుండి కొనాలి. ఎవరి జేబునుండీ కాదు. లెక్క ఒక పుస్తకములో వ్రాసి, అదే రాత్రి అందరికీ చదివి వినిపించాలి. ఈ కట్టుబాటు పెట్టుకొన్న తరువాత ఆ బృందములో డబ్బు తగాదా మేము వినలేదు.

నేర్చుకొనదలచిన వారికి

మొదట కూర్చొని నేర్చుకోండి. బేస్ గిటారు బరువైనది. పట్టీ వెడల్పుగా లేకపోతే భుజము లాగుతుంది. కుడిచేతి చూపుడు వ్రేలు, మధ్య వ్రేలు ఒకదాని తరువాత ఒకటిగా తీగెను మీటాలి. ఎడమచేతి వ్రేలు మెట్టు మీద కాదు, మెట్టుకు ఆనుకొని వెనుక నొక్కాలి. మొదటి వారములలో వ్రేళ్ల కొనలు మండుతాయి. రోజుకు అరగంట చొప్పున చేస్తే చర్మము గట్టిపడుతుంది. ఒకేరోజు నాలుగు గంటలు చేస్తే పొక్కులు లేచి వారము మానవలసి వస్తుంది.

మీటడమెంత ముఖ్యమో ఆపడము అంత ముఖ్యము. మ్రోగవలసిన తీగె మ్రోగుతుండగా మిగిలిన మూడింటిని వ్రేళ్లతో తాకి నిశ్శబ్దముగా ఉంచాలి. లేకపోతే అన్నీ కలిసి బురదనీళ్లవలె అవుతుంది. తాళము కోసము గడియారపు టిక్కుటిక్కుతో గాని సెల్‌ఫోనులోని మెట్రోనోముతో గాని సాధన చేయండి. శ్రుతి చూపించే యాప్‌లు కూడా సెల్‌ఫోనులో దొరుకుతాయి. తరువాత తెలిసిన పాట ఒకటి తీసుకొని, మూల స్వరమును మాత్రమే మొదటినుండి చివరివరకు తప్పకుండా వాయించండి. అది నిలకడగా వచ్చిన తరువాతనే పంచమము, ఆ తరువాతనే అలంకారములు.

మరొక మాట. ఊళ్లలో చెట్లకు కట్టే హారన్ గొట్టములలో బేస్ ధ్వని రానే రాదు. వాటి నిర్మాణమే మాట స్పష్టముగా వినిపించుట కొరకు. బేస్ వినబడాలంటే పెద్ద పెట్టె స్పీకరు కావాలి. చిన్న స్పీకరులోనికి బేస్ పంపి వాల్యూము పెంచితే దాని లోపలి కాగితము చిరిగిపోతుంది.

ప్రాణముతో చెలగాటము వద్దు

తల్లిదండ్రులు భయపడవలసిన విషయము వేరే ఒకటున్నది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణములో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును తాకి విద్యుత్తు తగిలి చనిపోయాడు. అటువంటి ప్రమాదము మన పందిళ్లలో మరింత సులభముగా జరుగగలదు. గిటారు తీగెలు ఆంప్లిఫయరు లోహముతో కలిసి ఉంటాయి. మైకు మరొక ఆంప్లిఫయరుది. రెంటిలో ఒకదానికి కరెంటు లీకైతే, చేయి తీగెమీద, పెదవి మైకుమీద ఉన్నవాని దేహము గుండా అది ప్రవహిస్తుంది.

కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరగగొట్టి రెండు రంధ్రాలలో గుచ్చే అలవాటు మానండి. జనరేటరుకు కూడా భూమిలో ఎర్త్ కడ్డీ వేయించండి. వేదిక మీది అన్ని ఆంప్లిఫయర్లకు ఒకే చోటనుండి కరెంటు తీసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి ఒకటి బృందము వెంట ఉంచుకోండి. కరెంటు లీకైన క్షణములోనే అది ఆపివేస్తుంది. పాట మొదలుపెట్టక ముందు మైకును టెస్టరుతో తాకి చూడండి. తడినేల మీద, వట్టికాళ్లతో వాయించవద్దు. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా వానిని చేతితో పట్టుకోవద్దు. మన మెకానిక్ తమ్ముడు తన సంచిలో తీగెలకంటె ముందు టెస్టరు పెట్టుకుంటాడు. అదే సరియైన వరుస.

రెండవది చెవి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పినదాని ప్రకారము 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజుకు 8 గంటలు ఉండవచ్చును. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయము సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషములు మాత్రమే. పెద్ద పెట్టెల ప్రక్కన మూడు గంటలు నిలబడే పిల్లవానికి ఇంటికి వచ్చాక చెవిలో ఈల మ్రోగుతుందంటే అది హెచ్చరిక. చెవిలో దూది పెట్టుకుంటే చాలదు. మందుల దుకాణములలో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్గులు వాడాలి. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు.

మూడవది పొరుగువారు. గొంతు గోడ దగ్గర ఆగినా బేస్ ధ్వని గోడ దాటి పోతుంది. ఊరి చివర ఇంటిలో పసిబిడ్డ, మంచము మీది రోగి, పదవ తరగతి పరీక్షకు చదువుకునే పిల్ల, వీరందరి గుండెలలో అది కొట్టుకుంటుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండుగల సందర్భములో సంవత్సరమునకు 15 దినములకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు ఉన్నది. దేవుని పాట అయినంత మాత్రాన ఈ నియమము మనకు వర్తించదని అనుకొనరాదు.

ఇంటివారికి ఒక మాట

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాము. పిల్లవాడు వాయించనివ్వవచ్చునా? వారమునకు ఎన్ని రాత్రులు వెళ్తున్నాడో, తిరిగి వచ్చే వ్యాను నడిపేవాడు నిద్రపోయి ఉన్నాడా లేదా, కార్యక్రమము తరువాత సీసాలు తెరిచే స్నేహితులున్నారా, చదువో పనో వెనుకబడిందా, ఇవి అడగండి. ఈ నాలుగింటికి మంచి జవాబు వస్తే అడ్డు చెప్పనవసరము లేదు. పెండ్లి అయినవాడైతే ఆ జవాబులు భార్యకు కూడా చెప్పాలి. ఆమె తలుపు దగ్గర మెలకువగా కూర్చొనే రాత్రులు లెక్కలోనికి రావాలి.

వినబడదు గదా అనే మాటకు మా జవాబు ఇది. ఈసారి మీ ఊరిలో ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు పాడేవారిని కొంచెము సేపు విడిచిపెట్టి అడుగున నడిచే ఆ స్వరమును వెదకి వినండి. మొదట దొరకదు. పాదము నేలమీద తాళము వేస్తున్నది ఎవరి మాట విని అని గమనించండి, దొరుకుతుంది. కార్యక్రమము ముగిసిన తరువాత పాడిన వారికి శాలువా కప్పే పెద్దలు, తీగెలు చుట్టుకుంటూ చీకటిలో నిలబడిన ఆ తమ్ముని కూడా పేరు పెట్టి పిలిచి, ఒక గ్లాసు టీ చేతికివ్వండి.